ఎంగిలి పొరలు

ఆరేళ్లపాటు ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి నేను ఒక గాజు గొట్టంలో ఉమ్మాను. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. పళ్లు తోముకుని, గంటసేపు ఏమీ తినకుండా తాగకుండా ఉండి, గొట్టం పెదవుల దగ్గర పెట్టుకుని, నాలుక కింద ఊరేదాకా ఆగి, నురగ లేకుండా ఉమ్మాలి. నురగ వచ్చిందా, మళ్లీ మొదటికి. మొదటి ఏడాది కడుపులో తిప్పేది. తర్వాత అలవాటైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడన్నదే అన్నిటికంటే రోత అని ఇప్పుడనిపిస్తోంది కానీ, అప్పట్లో అది నాకు పరిశోధన.

మా ప్రయోగశాలలో నా ఉమ్మికి ఒక పేరుంది: ఆర్-వన్. అంటే మొదటి కొలబద్ద. తక్కిన వాళ్లలో ఒకాయనకు కిళ్లీ, ఇంకొకాయనకు సిగరెట్టు, అటెండరు సింహాచలానికి ఖైనీ. ఏ అలవాటూ ఏ జబ్బూ లేని నోరు నాదొక్కటేనని మా గైడు ప్రొఫెసర్ వైకుంఠరావు గారు తేల్చారు. “నీ నోరు చాలా శుభ్రమైనది సలోమీ” అన్నారు. ఆ మాటకు నేను రెండు రోజులు మురిసిపోయాను. ఛీ.

మా యంత్రానికి ఆయన పెట్టిన పేరు ‘స్మృతి’. సింహాచలం పెట్టిన పేరు ఎంగిలి మిషను. రెండోదే నిలిచింది.

గొంతుజ్వరం మొదటిసారి వచ్చి హాస్టళ్లలో పిల్లల్ని ఎత్తుకుపోయిన ఏడాది ఈ పని మొదలైంది. మంచినీళ్ల కుండ దగ్గర అందరూ తాగే గ్లాసుల్లోంచి అంటుకుందని అందరికీ తెలుసు. ఏ గ్లాసు, ఎవరి నోటి నుంచి, ఎప్పుడు? అది తెలిసేలోపు గ్లాసులు కడిగేసేవారు. అప్పుడు ప్రొఫెసర్ గారికి ఒక ప్రశ్న తట్టింది. కడిగిన గ్లాసు నిజంగా కడిగినట్టేనా?

కాదు. ఉమ్మిలో పొడుగాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. గొలుసు పొడుగునా మైనస్ ఛార్జి. తడి తగిలిన చోటల్లా అవి స్టీలు మీద వాలతాయి. ఒక్కో గొలుసు ఒక్కచోట కాదు, వందచోట్ల పట్టుకుంటుంది, ఉత్తరేణి గింజలు చీర అంచుకు పట్టుకున్నట్టు. ఒక పట్టు వదిలినా తొంభై తొమ్మిది ఉంటాయి. వందా ఒకేసారి వదిలితేనే గొలుసు లేస్తుంది, వందా ఒకేసారి వదలవు. సబ్బు పెట్టి తోమితే కంటికి కనిపించే మురికి పోతుంది. అడుగున, వెంట్రుక మందంలో పదివేలో వంతు పొరగా, మీ ఎంగిలి అలాగే ఉంటుంది. దాని మీదికి ప్లస్ ఛార్జి ఉన్నది ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. చేరవలసిన దానికంటే కాస్త ఎక్కువే చేరుతుంది కాబట్టి పైభాగం ప్లస్ అయిపోతుంది. ఇక మర్నాటి ఎంగిలి దాని మీద వాలుతుంది. మైనస్, ప్లస్, మైనస్, ప్లస్. పదేళ్లుగా వాడుతున్న గ్లాసు ఉందంటే మీ ఇంట్లో పదేళ్ల డైరీ ఉన్నట్టే.

ఆ డైరీలో పేజీలు ఒక్కొక్కటిగా తిప్పడం మాకు రెండేళ్లు చేతకాలేదు. ఏ ద్రావకం పోసినా పొరలన్నీ కలిసి చీమిడి ముద్దలా ఊడివచ్చేవి. దారి మా అమ్మ దగ్గర దొరికింది. మా అమ్మ రూతమ్మ బస్టాండు వెనక టిఫిను హోటల్లో ఇరవై రెండేళ్లుగా గ్లాసులు కడుగుతోంది. జిడ్డు పట్టిన గ్లాసుల్ని మొదట పల్చటి చింతపండు నీళ్లలో, తర్వాత కాస్త చిక్కటి నీళ్లలో, ఆఖరున గుజ్జుతో తోముతుంది. “ఒక్కపాలే గట్టిది యేస్తే జిడ్డు సాగతాది గానీ పోదే” అంటుంది. నేను ఆ మాట పట్టుకుని పులుపును మెల్లమెల్లగా పెంచుతూ పోయాను. పొరలు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి లేచి వచ్చాయి. ఊడివచ్చిన ప్రతి పొరనూ యంత్రం ఆర్-వన్‌తో పోల్చి, ఇది ఫలానా నోరు అని తెర మీద ఒక రంగు గీత గీస్తుంది.

సెప్టెంబరు పన్నెండున కమిటీ రావాలి. ఎవరింటివో గ్లాసులు ఇచ్చి చదవమంటారు. యంత్రం సరిగ్గా చదివితే హాస్టళ్లకూ ఆస్పత్రులకూ అనుమతి, అదే వారంలో నా థీసిస్ ముందుకు కదులుతుంది. నాకు ముప్పై మూడేళ్లు. డాక్టరేటు వస్తే లెక్చరర్ ఉద్యోగం, ఉద్యోగం వస్తే అమ్మ చేతులు ఆ తొట్టిలోంచి బయటపడతాయి. నీళ్లలో నాని నాని ఆమె వేళ్ల సందులు తెల్లగా పాసిపోయాయి. దగ్గరికొస్తే పులిసిన వాసన. కన్నతల్లి చెయ్యి ముఖం మీద పడితే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇది ఎవరితోనూ చెప్పలేదు.

*

ఆదివారాలు ప్రొఫెసర్ గారింటికి వెళ్లి థీసిస్ దిద్దించుకునేదాన్ని. ఆయన భార్య శేషకుమారి గారు నన్ను చూడగానే “ఎండలో పడి వచ్చావా తల్లీ, కూర్చో” అనేవారు. అల్లం దంచి టీ పెట్టేవారు. పులిహోర చేసిన రోజు నా కోసం డబ్బాలో పెట్టి ఉంచేవారు. హాల్లో, సోఫాలో, ఆ దంపతుల ఎదురుగా కూర్చుని తాగేదాన్ని. తాగాక గ్లాసు లోపల పెట్టబోతే, “అక్కడే ఉంచెయ్యమ్మా, పైడమ్మ కడుగుతుంది” అనేవారు. పైడమ్మ వాళ్ల పనిమనిషి.

మేం మాలలం. ఇది చెప్పకుండా ఈ కథ చెప్పడం కుదరదు. ప్రొఫెసర్ గారు సభల్లో కుల నిర్మూలన గురించి గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలరు. ఆ ఇంట్లో హాల్లో కూర్చోవడం నాకు గర్వంగా ఉండేది. పెరటి కిటికీ మీద బోర్లించిన సొట్టగ్లాసు పైడమ్మదని నాకు తెలుసు. ఆరేళ్లు చూశాను. చూసిన ప్రతిసారీ, నేను ఇక్కడ హాల్లో ఉన్నాను కదా అనుకుని టీ తాగాను.

కమిటీ రావడానికి ముందురోజు ప్రొఫెసర్ గారు ఒక గుడ్డసంచీ తెచ్చారు. అందులో నాలుగు స్టీలు గ్లాసులు. కమిటీయే ఆయన్ని అడిగిందట, బాగా వాడిన ఇంటి గ్లాసులు మూడు, అసలు వాడనిది ఒకటి ఇమ్మని. వాడిన మూడింటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి: ఆయనది, భార్యది, కూతురిది. నాలుగో దాని మీద ఏ పేరూ లేదు, ఏ కొట్లోనైనా దొరికే మామూలు గ్లాసు. దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. శేషకుమారి గారి గుండ్రటి చేతిరాత: ‘ఇది ఎవరూ తాగనిది.’

యంత్రానికి ఖాళీ గ్లాసు చాలా అవసరం. ఏమీ లేనిచోట ఏమీ లేదని చెబితేనే, ఉన్నచోట ఉందన్న మాటకు విలువ. నేను చేతులకు రెండు జతల తొడుగులు వేసుకుని నాలుగింటినీ పెట్టెలో పెట్టి సీలు వేశాను. సీలు మీద ప్రొఫెసర్ గారూ నేనూ సంతకం చేశాం.

*

కమిటీ అధ్యక్షురాలు డాక్టర్ లలితాంబ గారు, రిటైరైన ఆరోగ్యశాఖ అధికారి. ఆమె పక్కన యంత్రాలు తయారుచేయించి అమ్మబోయే భూపాల్ గారు. ఆయన అసలు పని అపార్టుమెంట్లు కట్టడం. వేళ్లకు నాలుగు ఉంగరాలు, చేతిలో టీ గ్లాసు.

మొదటి మూడూ అద్భుతంగా వచ్చాయి. ప్రొఫెసర్ గారి గ్లాసులో పసుపు గీతలు, ప్రతి గీత వెంట కాఫీ ఆనవాలు. ఆయన బీపీ మాత్ర మారిన నెల కూడా తెలిసింది. శేషకుమారి గారి గ్లాసులో నీలం గీతలు, కార్తీక సోమవారాల ఉపవాసాలతో సహా. లలితాంబ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మా ప్రొఫెసర్ గారి ముఖం వెలిగిపోతోంది.

నాలుగోది పెట్టాను. తెర ఖాళీగా ఉండాలి.

ఎర్రగీత ఒకటి పడింది. పక్కన అక్షరాలు: ఆర్-వన్. ఇంకో ఎర్రగీత. ఆర్-వన్. ఇంకోటి. ప్రతి గీత వెంట పాలు, టీ, అల్లం. ఆర్-వన్, ఆర్-వన్, ఆర్-వన్.  ఒకచోట వరసగా నాలుగు గీతల్లో మందు ఆనవాలు ఉంది. అది నాకు టైఫాయిడ్ తగ్గిన నెల, మాత్రలు వేసుకుంటూనే ప్రొఫెసర్ గారింటికి వెళ్లాను. ఎర్రగీతలు రెండు వందల అరవై దాటాయి. ఆ తర్వాత, అన్నిటికంటే అడుగున, గోధుమరంగు గీతలు మొదలయ్యాయి. యంత్రం వాటినీ గుర్తుపట్టింది. ఖైనీ.

నేను ఈ ల్యాబులో చేరకముందు ప్రొఫెసర్ గారింటికి ఫైళ్లు మోసింది సింహాచలం. అతను తలుపు దగ్గర టీ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, ట్రే బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

నా నోటి నిండా నీళ్లూరాయి. మింగలేను, ఉమ్మలేను. ఎవరూ తాగనిది. శేషకుమారి గారు అబద్ధం రాయలేదు. మోసం చేయాలనుకోలేదు. ఆ ఇంట్లో ఆ గ్లాసుతో నిజంగానే ఎవరూ తాగరు. నేను తాగుతాను, అంతే.

“శాంపిలు కల్తీ అయింది” అన్నారు ప్రొఫెసర్ గారు, ఎంతో నెమ్మదిగా. “ఆర్-వన్ సలోమీదే. వారం వారం తన శాంపిళ్లు తనే పట్టుకుంటుంది. ఎక్కడో చెయ్యి తగిలి ఉంటుంది. చిన్నపిల్ల, కంగారు పడింది.”

“అలా అయితే ఎవరు పట్టుకున్నారో వాళ్లు జరిగింది రాసి సంతకం పెట్టి ఇవ్వాలి” అన్నారు లలితాంబ గారు. “రేపు పదకొండింటికి మళ్లీ కూర్చుందాం.”

ఆయన గదిలో తలుపు వేశాక నేను అడిగాను. “చెయ్యి తగిలితే ఒక్క పొర పడుతుంది సార్. రెండు వందల అరవై ఎలా పడతాయి? అల్లం ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“నాకు తెలియదా?” అన్నారు.

“గ్లాసు సంగతి మీకు తెలుసా సార్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంట్లో ఆడవాళ్ల విషయాల్లో నేను తలదూర్చను. నువ్వు సంతకం పెట్టు. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టిద్దాం. నీ థీసిస్ బాధ్యత నాది.”

అప్పుడే నా ఫోను మోగింది. శేషకుమారి గారు.

“సలోమీ, అయిపోయిందా తల్లీ? మా గ్లాసులు జాగ్రత్తగా పంపించెయ్యి. ముఖ్యంగా ఆ పేరు లేనిది. ఆదివారం నువ్వొస్తే మళ్లీ దేంట్లో పొయ్యను?”

గొంతులో ఎంత ప్రేమో! ఆ ప్రేమే నాకు కంపరం ఎత్తించింది. ఆవిడ తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. అలాగేనండీ అని పెట్టేశాను. అవును, ‘అలాగేనండీ’ అన్నాను. నా మీద నాకే కంపరం.

వరండాలో భూపాల్ గారు నన్ను పక్కకు పిలిచారు. “అది కల్తీ కాదు కదమ్మా?” అన్నారు, గొంతు తగ్గించి. “వాళ్లింట్లో నీ గ్లాసు వేరు. మిషను పట్టేసింది. భలే మిషను! అది నిజమని రాసియ్యి చాలు. నా అపార్టుమెంట్లలో ప్రతి బ్లాకుకూ ఒకటి పెట్టిస్తాను. పనివాళ్లు మన గ్లాసులు ముట్టుకుంటున్నారేమోనని అందరికీ ఒకటే అనుమానం. ఇది ఉంటే ఇక గొడవే ఉండదు.”

ఆయన నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు. హాస్టలు పిల్లల కోసం నా ఉమ్మి పోసి పెంచిన యంత్రం ఇది. అబద్ధం రాస్తే ప్రొఫెసర్ గారి గ్లాసు నిలుస్తుంది. నిజం రాస్తే ఈయన గ్లాసులు నిలుస్తాయి. రెండింటిలోనూ సంతకం నాదే.

*

సాయంత్రం హోటలుకు వెళ్లాను. వెనక వసారాలో అమ్మ పీట మీద కూర్చుని ఉంది. ముందు తొట్టి, తొట్టిలో సగం తాగిన కాఫీ, తేలుతున్న సిగరెట్టు పీకలు, ఎవరో పుక్కిలించి ఊసిన చట్నీ. అమ్మ చెయ్యి మోచేతిదాకా అందులోనే ఉంది. జరిగిందంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

“దానికి మిషను కావాలేటే?” అంది. “ఆలింట్లో నీకు వేరే గలాసు పెట్టినారని నాకు తెల్దేటి? నువ్వు సెప్పకపోయినా తెల్సు. సంతకం పెట్టీసి డిగ్రీ తెచ్చీసుకో. తరవాత ఆల మొకం సూడకు.”

“అబద్ధం రాయమంటావా?”

“రాయి. అబద్ధం రాస్తే సెయ్యి కుళ్లిపోద్దేటి? నా సెయ్యి సూడు, నిజం కడిగీ కడిగీ ఎలాగున్నాదో.”

నేను తెర మీది గీతల గురించి చెబుతూనే ఉన్నాను, కోపంలో, ఏదో ఒకటి మాట్లాడాలని. ఎంగిలి మీద ఎంగిలి నిలవదని, మధ్యలో వేరేది ఒకటి ఉంటేనే నిలుస్తుందని.

“మద్దెలో ఏటుంటాది మరి?” అంది అమ్మ, గ్లాసు తోముతూ.

“ఏదో ఉంటుందిలే. సబ్బు, కుళాయి నీళ్ల మురికి. అది పనికిరాదు, తెర మీద కనబడకుండా తీసేస్తాం.”

“సబ్బేటి, నీళ్లేటి? నా సెయ్యి పడకుండా ఈ హోటల్లో ఏ గలాసు బైటికెళ్లిందే?”

నేను ఆ పీట పక్కన తడినేల మీద చతికిలబడ్డాను. సబ్బు మైనస్. ఎంగిలి మైనస్. మైనస్ మీద మైనస్ వాలదు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాలుగేళ్ల కిందట, రెండు పొరల మధ్యా ప్రతిసారీ ఒకే రకం గీత వస్తుంటే, విసుగొచ్చి, దీన్ని లెక్కలోంచి తీసెయ్ అని ప్రోగ్రాములో ఒక లైను రాసింది నేను. అది చేతి చర్మంలోంచి, చెమటలోంచి వచ్చే ప్లస్ గొలుసు. కడిగిన చెయ్యి. ఎవరూ కాని మనిషిని శేషకుమారి గారి కంటే ముందే తుడిచేసింది గ్లాసులు కడిగే రూతమ్మ కూతురు.

అమ్మ తోమి బోర్లించిన గ్లాసుల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. 

“ఒక గ్లాసు పట్టుకెళ్తానమ్మా” అన్నాను.

“ఓనరడిగితే ఏటి సెప్పను?”

“పోయిందని చెప్పు.”

*

ఉదయం ఏడింటికి ల్యాబుకు వెళ్లి ఆ లైను తీసేశాను. హోటలు గ్లాసు పెట్టాను. తెర మూలనున్న రంగుల పెట్టెలోంచి ఇంతవరకు ఎవరికీ ఇవ్వని రంగు ఒకటి ఎంచి, మధ్య పొరకు ఇచ్చాను. యంత్రం పని మొదలుపెట్టింది. ముక్కూ మొహం తెలియని నోళ్లు, రంగురంగులుగా, బస్సు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, సారా తాగినవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, ఏ రెండూ ఒకటి కావు. ప్రతి రెండింటి మధ్యా ఒకే చెయ్యి. ఎంతసేపు చూసినా అదే చెయ్యి. సింహాచలం వెనక నిలబడి చూసి, “ఎవులిదమ్మా అది?” అన్నాడు. చెప్పాను. అతను నాకు టీ తెచ్చి ఇచ్చాడు, అందరికీ ఇచ్చే గ్లాసులోనే.

పదకొండింటికి కమిటీ కూర్చుంది. నేను రాసింది చదివాను. నాలుగో గ్లాసు ఖాళీది కాదు. ప్రొఫెసర్ వైకుంఠరావు గారింట్లో నాకు వేరుగా పెట్టిన గ్లాసు. నాకు ముందు సింహాచలానికి పెట్టారు. కల్తీ జరగలేదు. యంత్రం సరిగ్గానే చదివింది.

భూమి బద్దలవుతుందని నా భయం. ప్రొఫెసర్ గారు తల వంచుకుంటారనో, కేకలేస్తారనో అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, లలితాంబ గారి వైపు తిరిగి చిన్నగా నవ్వారు. “ఆడవాళ్ల పట్టింపులండీ. నేనేం చేయగలను చెప్పండి?” అన్నారు. ఆమె కూడా నవ్వారు. “మా అత్తగారూ అంతే” అన్నారు. భూపాల్ గారు గట్టిగా నవ్వారు. అర నిమిషంలో అయిపోయింది. రాత్రంతా నేను దేని కోసం నిద్రపోలేదో అది వాళ్లకు అర నిమిషం నవ్వు.

“ఇంకొకటుంది” అన్నాను. నిన్నటి గ్లాసుల ఫలితాలే మళ్లీ తెర మీద పెట్టాను, ఆ లైను లేకుండా. ప్రొఫెసర్ గారి పసుపు గీతల మధ్య, శేషకుమారి గారి నీలం గీతల మధ్య, కూతురి గీతల మధ్య, నా ఎర్రగీతల మధ్య, కొత్త రంగు నిండా పరుచుకుంది.

“ఇది పైడమ్మ. మీ ఇంట్లో పనిచేసే ఆమె. ఈ నాలుగు గ్లాసుల్లోనూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే. మీ ఒక కాఫీకీ ఇంకో కాఫీకీ మధ్య ఆమె చెయ్యి ఉంది సార్. అది లేకపోతే మీ పొర నిలవదు.”

భూపాల్ గారి చేతిలో టీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. “అంటే... దీంట్లో కూడానా?”

“అది సింహాచలం కడిగింది సార్.”

ఆయన గ్లాసు కింద పెట్టి, జేబురుమాలుతో పెదవులు తుడుచుకుని, రుమాలు మడత పెట్టబోయి, దాన్ని కూడా చూసుకుని, బల్ల మీద వదిలేశారు. ఉతికింది ఎవరో గుర్తొచ్చి ఉంటుంది. ముఖంలో అంత రోత నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

కానీ ఆయన వ్యాపారి. రెండు నిమిషాల్లో తేరుకున్నారు. “ఈ కడిగే చెయ్యి కనబడకుండా చేయొచ్చా? ఇంటివాళ్లెవరో, బయటివాళ్లెవరో అంతవరకు చూపిస్తే చాలు. ఇదంతా చూపిస్తే ఎవరు కొంటారమ్మా? ఇంట్లో నీళ్లు కూడా తాగలేరు.”

“నిజమే, అది అనవసరమైన సమాచారం” అన్నారు లలితాంబ గారు, కాగితాలు సర్దుకుంటూ. “నిన్నటిదాకా లేదు కదా. అలాగే ఇవ్వండి. ఈ రోజే అనుమతి రాసేస్తాను. హాస్టళ్లకు కూడా వెంటనే వెళ్తుంది, వానలు తగ్గకముందే.”

ప్రొఫెసర్ గారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయి, ఆపుకుని, “ఒక్క లైను సలోమీ” అన్నారు. “నువ్వు రాసిందే. మళ్లీ పెట్టెయ్. మధ్యాహ్నానికల్లా నీ థీసిస్ పంపేస్తాను.”

ముగ్గురూ నా వేళ్ల వైపు చూస్తున్నారు. ఎనిమిది అక్షరాల లైను అది. నాకు హాస్టలు పిల్లలు గుర్తొచ్చారు. డాక్టరేటు గుర్తొచ్చింది. తొట్టి గుర్తొచ్చింది. ఆ లైను రాస్తే అమ్మ తొట్టిలోంచి బయటపడుతుంది, తెర మీంచి కూడా పోతుంది.

“ఒకసారి తెలియక రాశాను సార్” అన్నాను. “తెలిసి రాయలేను. ఇంకెవరి చేతనైనా రాయించుకోండి.”

“ఎవరైనా రాస్తారు” అన్నారాయన. బెదిరించలేదు. ఉన్నమాటే చెప్పారు.

రాశారు కూడా. మా ల్యాబులోని కిళ్లీ ఆయన పది నిమిషాల్లో రాసిచ్చాడు. ఎంగిలి మిషన్లు హాస్టళ్లకు వెళ్లాయి, ఆ ఏడాది గొంతుజ్వరం మూడు ఊళ్లు దాటలేదు. అది మంచిదే, కాదనను. భూపాల్ గారి అపార్టుమెంట్లకూ వెళ్లాయి. నా థీసిస్ ప్రొఫెసర్ గారి బీరువాలో ఉంది. శేషకుమారి గారు రెండుసార్లు ఫోను చేశారు, నేను ఎత్తలేదు.

*

అమ్మకు చెప్పినప్పుడు చేతిలో ఉన్న పీచు నా మీదికి విసిరింది.

“నా సేతి మురిక్కోసం డిగ్రీ వొగ్గీసినావా? ఎర్రిగుంటా! ఎవులికి కావాలే ఆ మురికి?”

“నాక్కావాలి.”

“నీకు కావాలేటి? నువ్వు సదువుకుంటావని నాను ఇరవై రెండేళ్లు ఈ కుళ్లులో సేతులెట్టినాను. దాన్ని బొమ్మేసి సూపించమని సెప్పినానేటి?”

 ఆమె కోపం న్యాయమైనదే. అడక్కుండా ఆమె కోసం ఏదో చేసేశాను, అది ఆమెకు అక్కర్లేదు.  రెండు రోజులు అన్నం గిన్నె నా ముందు చప్పుడయ్యేలా పెట్టి వెళ్లిపోయేది. నేను ఆస్పత్రి ల్యాబులో తెమడ పరీక్షలు చేసే ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ కూర్చున్నాను. మళ్లీ ఉమ్మే. ఈసారి ఇతరులది.

మూడో రోజు పొద్దున్న అమ్మ హోటలుకు బయల్దేరి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“ఆ మిషన్లో నా సెయ్యి ఏ రంగులో అవుపించిందే?”

“ఆకుపచ్చ.”

“లేత పచ్చా, ముదురు పచ్చా?”

“ముదురు.”

 చెప్పుల్లో కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

“ఎన్ని గీతలున్నాయేటి?”

“లెక్కపెట్టలేకపోయానమ్మా. తెర చాల్లేదు.”

“ఊఁ” అంది. సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.